తోలు బెల్టుకు తూటాల లూపులు అల్లడం ఎలా?

హైదరాబాదు కృష్ణానగర్‌లో సినిమాలకు దుస్తులు, సామగ్రి సమకూర్చేవారు, నాటక సమాజాలవారు, లైసెన్సుతో 12 బోర్ తుపాకీ ఉంచుకున్నవారు, తోలుపని కొత్తగా నేర్చుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. బెల్టు కుట్టడం వచ్చింది, తుపాకీ ఒర కుట్టడం కూడా వచ్చింది, కానీ తూటాలు నిలిపే లూపుల దగ్గరికి వచ్చేసరికి ఒకటి వదులుగా, మరొకటి బిగుతుగా, ఇంకొకటి వంకరగా ఎందుకు తయారవుతోంది? అల్లికలో చేయి తిరగకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి తప్పు ఎక్కువసార్లు కొలతల దగ్గరే జరుగుతుంది. చీలికల మధ్య దూరం, పట్టీ మందం, తూటా వ్యాసం ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతే అల్లిక దాదాపు దానంతట అదే కుదురుతుంది.

పద్ధతులు రెండు. మొదటిది బెల్టుకు నిలువు చీలికలు వేసి, వాటిలోంచి ఒకే పొడవాటి తోలు పట్టీని పైకీ కిందికీ అల్లడం. రెండవది బెల్టును కోయకుండా పట్టీని పైన వేసి లూపు లూపుకూ మధ్య కుట్టు వేయడం. రివాల్వర్ తూటాలకు, కొత్తగా చేస్తున్న మందపాటి బెల్టుకు మొదటి పద్ధతే అందంగానూ గట్టిగానూ ఉంటుంది. 12 బోర్ తూటాలకు, పాత బెల్టులకు, పలచటి బెల్టులకు రెండవదే సరైనది. కారణం కొలతల దగ్గర వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

లూపులు మలచడానికి అసలు తూటాలను ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. తడి తోలులో గంటల తరబడి ఉంచడం, చెక్క సుత్తితో తట్టడం, పట్టుకారుతో లాగడం వంటి పనులేవీ మందుగుండు దగ్గర చేయదగినవి కావు. పైగా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని వ్యక్తి తూటాలు దగ్గర పెట్టుకోవడమే నేరం. కాబట్టి లైసెన్సుదారులు కొలత కోసమని తూటాలను తోలుపనివారి దగ్గర వదిలి వెళ్లకూడదు, పనివారు అడగకూడదు. కొలత కాగితం మీద రాసి ఇస్తే చాలు.

కావలసినవి

- బెల్టుకు 3.5 నుంచి 4 మి.మీ. మందం, 65 నుంచి 75 మి.మీ. వెడల్పు ఉన్న తోలు
- లూపుల పట్టీకి 1.6 నుంచి 2 మి.మీ. మందం ఉన్న తోలు
- తూటా వ్యాసంతో సమానమైన నమూనా కడ్డీలు, లూపుకు ఒకటి చొప్పున
- వెర్నియర్ కాలిపర్, స్టీలు స్కేలు, డివైడర్, మూలమట్టం
- పదునైన తోలు కత్తి లేదా కొత్త బ్లేడు వేసిన కట్టర్, 2 మి.మీ. గుండ్రటి పంచ్, చెక్క సుత్తి
- ఆరె (తోలుకు రంధ్రాలు పొడిచే మొనదేలిన పనిముట్టు), రెండు మొద్దు సూదులు, మైనం పట్టించిన పాలిస్టర్ దారం
- చెప్పులు కుట్టేవారు వాడే పసుపు రబ్బరు సొల్యూషన్
- ప్లాస్టిక్ చెంచా, వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ పొర, మెత్తటి గుడ్డ

కాలిపర్, పంచ్, మూలమట్టం రాణిగంజ్ హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతాయి. డబ్బు మిగుల్చుకోవాలంటే మిగతా వాటిలో మిగుల్చుకోండి కానీ కాలిపర్ మాత్రం కొనండి, ఎందుకంటే ఈ పనిలో అర మిల్లీమీటరు తేడా కూడా చేతికి తెలుస్తుంది.

తోలు విషయంలో రాజీ పడకూడదు. చెట్ల బెరడు, కాయల కషాయంతో పదును చేసిన తోలే కావాలి. దక్షిణాదిలో తంగేడు చెక్కతో, కరక్కాయతో తోళ్లు పదును చేయడం పాత ఆచారం. అలాంటి తోలు తడిపినప్పుడు మెత్తబడి, ఆరినప్పుడు ఏ ఆకారంలో ఉంచితే ఆ ఆకారంలో బిగుసుకుంటుంది. క్రోమ్ రసాయనంతో పదును చేసిన తోలు ఎంత తడిపినా ఆ ఆకారం నిలుపుకోదు. అందుకే దానితో అల్లిన లూపులు కొద్ది రోజులకే సాగి వేలాడతాయి. దుకాణంలో తేడా పట్టుకోవడానికి అంచును కత్తితో కొద్దిగా చెక్కి చూడండి. లోపల నీలి బూడిద రంగు కనబడితే అది క్రోమ్ తోలు. లోపలంతా గోధుమ రంగే ఉండి, పైన వేసిన నీటి చుక్క ఇంకి ఆ చోటు ముదురు రంగుకు తిరిగితే అది మనకు కావలసిన తోలు. అయితే పైన పాలిష్ పూత ఉన్న తోలు మీద చుక్క ఇంకదు కాబట్టి నీటి పరీక్ష కండ వైపున, అంటే గరుకుగా ఉన్న వైపున చేయండి.

పట్టీని చర్మం వీపు భాగం నుంచి, వెన్నెముక దిశలో పొడవుగా కోయించుకోండి. పొట్ట భాగం తోలు చవకగా ఇస్తామంటారు. అది సాగుతుంది, తీసుకోవద్దు.

చేసే విధానం

1. నమూనా కడ్డీలు సిద్ధం చేయండి.

సాధారణంగా కావలసిన వ్యాసాలు ఇవి: .22 తూటాకు 5.7 మి.మీ., .32 రివాల్వర్ పొడవు తూటాకు 8.6, .38 స్పెషల్‌కు 9.6, పాశ్చాత్య కౌబాయ్ వేషాలకు కావలసిన .45 కోల్ట్‌కు 12.2, 12 బోర్‌కు సుమారు 20.5 మి.మీ. చెక్క ఖరాదు పట్టేవారికి ఈ కొలత ఇచ్చి, ఒక చివర గుండ్రంగా చేయమని చెబితే మంచి కడ్డీలు వస్తాయి. తొందరగా కావాలంటే .38కి 3/8 అంగుళం అల్యూమినియం కడ్డీని ముక్కలుగా కోయించి వాడవచ్చు. 12 బోర్‌కు బయటి వ్యాసం 20 మి.మీ. ఉన్న పీవీసీ పైపు ముక్కల మీద కాలిపర్ 20.5 చూపేదాకా టేపు చుట్టండి. ఇనుప కడ్డీలు మాత్రం వద్దు. తడిసిన తోలులోని చెక్క కషాయం ఇనుముతో కలిసి నల్లటి మచ్చలు వేస్తుంది.

2. లూపులు బెల్టు మీద ఎక్కడ రావాలో తేల్చండి.

బెల్టును నడుముకు పెట్టుకుని, ఒర వచ్చే చోటు, బకిల్ చోటు సుద్దతో గుర్తించండి. ఒర అంచు నుంచి కనీసం 50 మి.మీ. వదిలి లూపులు మొదలుపెట్టండి. వెన్ను మధ్యలో లూపులు వస్తే కుర్చీలో కూర్చున్నప్పుడు నొక్కుకుంటాయి. చిత్రీకరణలో గుర్రం మీదో జీపులోనో గంటల తరబడి కూర్చోవలసిన నటుడికి ఇది పెద్ద ఇబ్బంది. ఎత్తు విషయంలో, తూటా అడుగు అంచు లూపు పైఅంచు మీద ఆనాలి, తూటా మొన బెల్టు కింది అంచు దాటకూడదు. .38 స్పెషల్ మొత్తం పొడవు 39 మి.మీ. పైచిలుకు, .32 పొడవు తూటా 32.5 మి.మీ. అని గుర్తుంచుకుంటే ఈ లెక్క తేలిక. ఇంకొక మాట: అడుగు అంచు బయటికి వెడల్పుగా ఉన్న తూటాలే ఇలాంటి లూపుల్లో నిలుస్తాయి. ఆ అంచు లేని పిస్తోలు తూటాలు కిందికి జారిపోతాయి, వాటికి ఈ బెల్టు తగదు.

3. చీలికల దూరం, పట్టీ పొడవు లెక్క వేయండి.

ఒక లూపు రెండు చీలికల మధ్య దూరం తూటా వ్యాసం, పట్టీ మందం కలిపినంత ఉండాలి. ఒక లూపుకూ పక్క లూపుకూ మధ్య 6 మి.మీ. తోలు వదలాలి. .38 తూటా, 1.8 మి.మీ. పట్టీ అయితే 9.6కు 1.8 కలిపి 11.4, గుర్తు పెట్టడానికి 11.5. లూపు మొదలు నుంచి పక్క లూపు మొదలు వరకు 17.5 మి.మీ. వస్తుంది. పన్నెండు లూపులు 204 మి.మీ.లో ఇముడుతాయి.

పట్టీ పొడవుకు ఒక్కో లూపుకు నాలుగు అంకెలు కలపండి: తూటా వ్యాసం, వ్యాసానికి పట్టీ మందం కలిపి 1.57తో గుణించిన మొత్తం, బెల్టు మందానికి రెండింతలు, మధ్య తోలు వెడల్పు. పై ఉదాహరణలో బెల్టు 3.6 మి.మీ. మందం అనుకుంటే 9.6, 17.9, 7.2, 6 కలిపి సుమారు 41 మి.మీ. పన్నెండు లూపులకు 492. రెండు చివరలకు 50 చొప్పున వంద, లాగి బిగించడానికి మరో వంద కలిపి 700 మి.మీ. పట్టీ కోసుకోండి. పొడవు ఎక్కువైతే కత్తిరించవచ్చు, తక్కువైతే అతుకు వేయక తప్పదు, ఆ అతుకు ఎప్పుడూ కంటబడే చోటే వస్తుంది.

పట్టీ వెడల్పు .32కు 18 నుంచి 20, .38కి, .45కు 22 మి.మీ. చాలు. చీలిక పొడవు పట్టీ వెడల్పు కంటే 1 మి.మీ. ఎక్కువ ఉండాలి కానీ బెల్టు వెడల్పులో మూడో వంతు మించకూడదు, కాబట్టి .38కి, .45కు బెల్టు 70 మి.మీ.కు తగ్గకూడదు. 12 బోర్ తూటాకు 38 మి.మీ. పట్టీ కావాలి. దానికి తగిన చీలిక వేస్తే 75 మి.మీ. బెల్టులో సగానికి పైగా తెగిపోతుంది. అందుకే దానికి కుట్టు పద్ధతి వాడమన్నాను.

4. మూడు లూపుల మచ్చు చేయండి.

అదే తోలు ముక్క మీద, అదే పట్టీతో మూడు లూపులు అల్లి, తడిపి, ఆరబెట్టి చూడండి. ఒక రోజు ఆలస్యమవుతుంది. అయినా ఈ మెట్టు దాటవేయవద్దు, ఎందుకంటే లెక్క ఎంత సరిగా ఉన్నా ప్రతి చర్మమూ ఒకేలా సాగదు, బెల్టుకు ఒకసారి పడిన చీలికను తిరిగి అతికించడం సాధ్యం కాదు. మచ్చులో లూపు వదులైతే చీలికల దూరం అర మిల్లీమీటరు తగ్గించండి, బిగుతైతే అంతే పెంచండి. ఆ ముక్క మీదే కొలతలు పెన్నుతో రాసి భద్రపరచుకుంటే తర్వాతి బెల్టుకు పనికొస్తుంది.

5. బెల్టు మీద గుర్తులు పెట్టి చీలికలు వేయండి.

చీలికల పైచివరలకు ఒక గీత, కింది చివరలకు ఒక గీత బెల్టు పొడవునా ఆరె మొనతో సన్నగా గీయండి. డివైడర్‌ను 11.5కు, 6కు మార్చి మార్చి గుర్తులు పెడితే చిన్న తేడాలు పేరుకుపోయి చివరి లూపు దారి తప్పుతుంది. దానికంటే డివైడర్‌ను 17.5కు ఒకేసారి బిగించి ముందు లూపుల మొదళ్లన్నీ గుర్తు పెట్టి, ఆ తర్వాత 11.5కు బిగించి రెండో చీలికలు గుర్తు పెట్టడం మేలు. మొత్తం పొడవును స్కేలుతో సరిచూడండి. ప్రతి చీలికా బెల్టు అంచుకు లంబంగా ఉందో లేదో మూలమట్టం ఆనించి చూడండి. ఒక చీలిక పక్కకు వాలితే ఆ తూటా కూడా వాలుతుంది, వరుసలో అదొక్కటే కనబడుతుంది.

ముందుగా ప్రతి చీలిక రెండు చివరలా 2 మి.మీ. రంధ్రం కొట్టండి. చీలిక చివర గుండ్రంగా ఉంటే తోలు అక్కడినుంచి చిరగదు. తర్వాత రంధ్రం నుంచి రంధ్రానికి స్కేలు ఆనించి, కత్తిని నిటారుగా పట్టి కోయండి. రెండు మూడు సార్లు తేలికగా గీసి కోయడం ఒకేసారి బలంగా నొక్కడం కంటే క్షేమం, వేళ్లకూ బెల్టుకూ.

6. పట్టీని సాగదీయండి, రంగు వేయండి.

పట్టీని తడిపి, ఒక చివర క్లిప్పుతో బల్లకు బిగించి, చేత్తో నిలకడగా లాగి, అలాగే ఆరనివ్వండి. సాగవలసినదంతా ఇప్పుడే సాగితే తర్వాత లూపులు వదులు కావు. బెల్టుకూ పట్టీకీ రంగు అల్లికకు ముందే వేయాలి. అల్లిన తర్వాత లూపుల లోపలికి, మధ్య సందుల్లోకి కుంచె వెళ్లదు. రంగు పూర్తిగా ఆరాక తెల్ల గుడ్డతో రుద్ది చూసి, గుడ్డకు అంటనప్పుడే ముందుకు వెళ్లండి.

7. అల్లండి.

పట్టీ ఒక చివరను కోసుగా కత్తిరించండి. పట్టీని మంచి నీటిలో ముంచి తీసి, కారే నీరు గుడ్డతో అద్ది, పది నిమిషాలు ప్లాస్టిక్ సంచిలో ఉంచితే తడి లోపలిదాకా సమంగా చేరుతుంది. ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీరు వాడితే తోలు మీద నల్లని చారలు వస్తాయి. తాగడానికి వాడే వడపోసిన నీరు వాడండి.

బెల్టు వెనక 50 మి.మీ. తోక వదిలి, పట్టీ కోసు చివరను మొదటి చీలిక నుంచి ముందుకు తీయండి. నున్నటి వైపు బయటికి ఉండాలి. రెండో చీలికలోంచి వెనక్కి పంపి, వెనక మధ్య తోలును దాటించి, మూడో చీలికలోంచి మళ్లీ ముందుకు తీయండి. ఇలా అన్ని లూపులూ ముందు వదులుగానే అల్లేయండి. చీలికలో పట్టీ మొరాయిస్తే ప్లాస్టిక్ చెంచా కాడతో చీలికను తెరిచి పంపండి, ఆరెతో గుచ్చి లాగవద్దు.

ఇప్పుడు మొదటి లూపుకు తిరిగి రండి. తోకను వెనక క్లిప్పుతో బిగించండి. ప్లాస్టిక్ పొర ఒక చుట్టు చుట్టిన కడ్డీని మొదటి లూపులో దూర్చి, రెండో లూపు వైపు నుంచి పట్టీని లాగండి. పట్టుకారు వాడవలసి వస్తే దాని దవడలకు గుడ్డ చుట్టండి. పట్టీ కడ్డీని అంటిపెట్టుకుని, వెనక మధ్య తోలుకు కూడా ఆని ఉండాలి. సరిపడా లాగారని తెలియడానికి కడ్డీని వేళ్లతో తిప్పి చూడండి: కొంచెం బలంతో తిరగాలి, సులువుగా తిరిగితే ఇంకా వదులే, అసలు తిరగకపోతే అతిగా లాగినట్టు. తర్వాత రెండో కడ్డీ, మూడోది. మిగులు పట్టీ లూపు లూపుకూ ముందుకు జరుగుతూ చివరికి చేరుతుంది. చివరన, ప్రతి కడ్డీ పక్కల చెంచా వీపుతో పట్టీని బెల్టుకు ఆనేలా నొక్కి రుద్దండి. లూపు మొదళ్లు స్పష్టంగా తేలేది ఇక్కడే.

8. ఆరబెట్టండి.

నీడలో, గాలి ఆడే చోట బల్ల మీద పరచండి. మూడు నాలుగు గంటలకొకసారి ప్రతి కడ్డీని కొద్దిగా తిప్పండి. వేసవిలో హైదరాబాదు పొడిగాలికి ఒక రాత్రి సరిపోతుంది, ముసురు పట్టిన శ్రావణంలో రెండు రోజులైనా పట్టవచ్చు. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం వద్దు. వేడికి పై పొర త్వరగా ముడుచుకుని పెళుసెక్కుతుంది, లోపల తడి మిగిలిపోతుంది. కడ్డీలు తీయవచ్చో లేదో తెలుసుకోవడానికి బెల్టు వెనకవైపు పట్టీని చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

9. చివరలు కుట్టి అస్తరు వేయండి.

రెండు తోకలను 40 మి.మీ.కు కత్తిరించి, కత్తితో చివరికి పలచబడేలా చెక్కి, సొల్యూషన్ రాసి బెల్టు వెనక అతికించి, ఆరెతో రంధ్రాలు పొడిచి రెండు సూదుల కుట్టు వేయండి. బంక ఒక్కదాన్నే నమ్మవద్దు. పన్నెండు లూపులు దాటిన వరుసలో ప్రతి నాలుగు లూపులకొకసారి మధ్య తోలు మీద కూడా రెండు కుట్లు వేస్తే ఒక లూపు వదులైనా పక్కవాటికి పాకదు. బెల్టుకు అస్తరు వేసేటట్లయితే ఇవన్నీ అయ్యాకే వేయాలి.

చీలికలు లేకుండా కుట్టే పద్ధతి

12 బోర్‌కు ఉదాహరణ తీసుకుంటే, 2 మి.మీ. మందం, 38 మి.మీ. వెడల్పు పట్టీ వెనకవైపు 56, 8, 56, 8 మి.మీ.గా అడ్డగీతలు గీయండి. బెల్టు మీద 22.5, 8, 22.5, 8గా గీయండి. పట్టీ మీది 8 మి.మీ. భాగాన్ని బెల్టు మీది 8 మి.మీ. భాగం మీద ఆనించి, సొల్యూషన్‌తో నిలిపి, దాని మధ్యలో నిలువుగా ఆరేడు కుట్లు వేయండి. మిగిలిన 56 మి.మీ. దానంతట అదే లూపుగా లేస్తుంది. అన్నీ కుట్టాక లూపులను మాత్రం తడిపి, కడ్డీలు పెట్టి, పైన చెప్పినట్టే ఆరబెట్టండి. మెషీన్ కుట్టు వేయించాలనుకుంటే పాదం లూపుల మధ్య పడుతుందో లేదో ముందే చూసుకోండి, చాలా మెషీన్లకు 8 మి.మీ. చాలదు.

ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మార్గాలు

లూపు వదులైంది: దాన్ని మాత్రం తడిపి, ఒక నంబరు సన్నటి కడ్డీ పెట్టి ఆరనివ్వండి. అప్పటికీ కుదరకపోతే లూపు లోపలి అడుగున, బెల్టు వైపు, పలచటి తోలు ముక్క అతికించండి. బయటికి కనబడదు.

లూపు బిగుతైంది: తడిపి, మొన సన్నగా చెక్కిన కడ్డీని మెల్లగా తిప్పుతూ దించి, ఆరేదాకా అలాగే ఉంచండి. నూనె పోసి వదులు చేయవద్దు, రేపు అదే లూపు అవసరానికి మించి వదులవుతుంది.

చీలిక చివర చిరిగింది: చిరుగు చివర ఒక రంధ్రం కొట్టి, వెనక పలచటి తోలు అతికించి చుట్టూ కుట్టండి.

నల్ల మచ్చలు పడ్డాయి: నిమ్మరసం కలిపిన నీటిని గుడ్డతో అద్దితే లేత మచ్చలు పోతాయి, తర్వాత మంచి నీటితో తుడవాలి. రంగు వేసిన తోలు మీద ముందు మూలన పరీక్షించండి.

సరిగా వచ్చిందో లేదో చూడడం

కడ్డీలన్నీ లూపుల్లో పెట్టి, స్కేలును వాటి తలల మీద ఆనించండి. అన్నీ ఒకే వరుసలో ఉండాలి. బెల్టును తలకిందులుగా పట్టి గట్టిగా విదిలించండి, ఒక్కటి కూడా రాలకూడదు. ఆ తర్వాత బెల్టును నడుముకు బిగించుకుని, కింది నుంచి బొటనవేలితో నెట్టి, పై నుంచి రెండు వేళ్లతో తీయండి, పెనుగులాట లేకుండా రావాలి. బల్ల మీద పరిచి చేసిన పరీక్ష ఒక్కటే సరిపోదు, నడుము వంపుకు లూపుల బిగువు కొద్దిగా మారుతుంది. రెండు మూడు రోజులు వాడాక చీలికల చివరలను మళ్లీ ఒకసారి చూడండి.

వాడకంలో జాగ్రత్తలు

లూపుల్లో తూటాలు నిలవ ఉంచవద్దు. తోలులోని ఆమ్లాలు, తేమ కలిసి ఇత్తడికి పచ్చటి చిలుము పట్టిస్తాయి, వానాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. చిలుము పేరుకున్న తూటా తుపాకీలో తూటా కూర్చునే గదిలో ఇరుక్కోవచ్చు. వాడకం అవగానే తీసి వాటి పెట్టెలో ఉంచండి. తోలుకు ఏడాదికి ఒకటి రెండు సార్లు తేనె మైనం పలచగా రుద్దితే చాలు. కొబ్బరి నూనె రాయమని ఇళ్లలో సలహా ఇస్తారు. అది లూపులను మెత్తబరచడమే కాక, చలికాలంలో గడ్డకట్టి తోలు మీద తెల్లగా తేలుతుంది.

బెల్టును సంచిలో పెట్టుకుని శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లవలసి వస్తే ముందు ప్రతి లూపునూ వేలితో తడిమి చూసుకోండి. మరచిపోయిన ఒక్క తూటా దొరికినా పోలీసు కేసు దాకా వెళుతుంది. వేషం కోసం చేసిన చెక్క తూటాలకు ఇత్తడి రంగు వేసి ఉంటే అవి కూడా తనిఖీలో అనుమానం రేపుతాయి కాబట్టి, వాటిని విమానంలో తీసుకెళ్లకుండా విడిగా రోడ్డు మార్గాన పంపడం మంచిది.